ఒకే మంట అన్ని లోహాలకూ పనికిరాదు: వెల్డింగ్ ఆర్క్‌ను అదుపు చేసే సాంకేతికత

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాప్ నడపడం మొదలుపెట్టాక, ఉత్తరాంధ్ర వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. ఇంజన్లు, ప్రయాణికుల పెట్టెలు, గూడ్సు వ్యాగన్లు విప్పి బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించడం ఈ వర్క్‌షాప్ పని. ఇలాంటి చోట వెల్డింగ్ లేకుండా రోజు గడవదు.

అయితే వెల్డర్ చేతికి వచ్చే లోహం మారిపోతోంది. పాత పెట్టెల పైభాగం చాలావరకు మామూలు ఉక్కుతో, తుప్పును కొంత తట్టుకునే ఉక్కుతో తయారయ్యేది. జర్మన్ పరిజ్ఞానంతో 2000 ప్రాంతంలో మన దేశానికి వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెల గోడలు స్టెయిన్‌లెస్ స్టీలువి. చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 2018లో పాత నమూనా పెట్టెల తయారీని ఆపేసి పూర్తిగా ఎల్‌హెచ్‌బీ వైపు మళ్లింది. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో 61 అల్యూమినియం వ్యాగన్ల గూడ్సు రైలును ప్రారంభించారు. ఉక్కు రైలుకన్నా అది 180 టన్నులు తేలిక. ఆ మేరకు సరుకు ఎక్కువ వేసుకోవచ్చు. ఆ వ్యాగన్ల పై కట్టడంలో వెల్డింగ్ అతుకు ఒక్కటీ లేదు. అన్నీ లాక్‌బోల్టులతో బిగించినవే.

ఉక్కును ఇట్టే అతికే పరిశ్రమ, అల్యూమినియం దగ్గరకు వచ్చేసరికి వెల్డింగ్ లేని దారులు ఎందుకు వెతుకుతుంది? స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వెల్డింగ్ తరువాత ఎందుకు వంకర తిరుగుతుంది? ఈ చిక్కులను తగ్గించడానికి వచ్చిన ఆర్క్ నియంత్రణ సాంకేతికత ఏం చేస్తుంది, ఏం చేయలేదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆర్క్ అంటే ఏమిటి?

రెండు లోహాల మధ్య సన్నని ఖాళీ ఉంచి తగినంత విద్యుత్తు ప్రవహింపజేస్తే, ఆ ఖాళీలోని వాయువు అయనీకరణం చెంది తానే విద్యుద్వాహకమవుతుంది. అలా మండే విద్యుత్ ప్రవాహమే ఆర్క్. దాని ఉష్ణోగ్రత 6,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీలే. ఇంత వేడిలో ఏ లోహమైనా కరుగుతుంది. కాబట్టి లోహాన్ని కరిగించడం అసలు సమస్య కాదు. ఎంత కరగాలో, ఎక్కడ కరగాలో అంతవరకే కరిగించి, పక్కనున్న లోహాన్ని పాడుచేయకుండా వదలడం కష్టం.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో విరివిగా కనిపించే మిగ్ పద్ధతిలో చుట్టగా ఉన్న సన్నని తీగ టార్చ్ గుండా నిరంతరం బయటికి వస్తుంది. ఆర్క్ పుట్టేది ఆ తీగ కొన దగ్గరే. కరిగి అతుకులో చేరేదీ ఆ తీగే. చుట్టూ ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువు ప్రవహిస్తూ కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. తీగ కొన చుక్కచుక్కగా కరిగి అతుకు మీద పడుతుంది. అతుకు నాణ్యతలో సగం కథ ఆ చుక్క రాలే తీరులో ఉంది.

చుక్క తెగే క్షణం

సరిగా కట్టని కుళాయిని గమనించండి. నీటి చుక్క ముందు ఉబ్బుతుంది, తరువాత దాని మెడ సన్నబడుతుంది, చివరికి తెగి పడుతుంది. తీగ కొన దగ్గర జరిగేదీ ఇలాంటిదే. తక్కువ విద్యుత్తుతో పనిచేసేటప్పుడు కరిగిన చుక్క తీగను వదలకముందే కింద ఉన్న కరిగిన లోహాన్ని తాకుతుంది. అప్పుడు షార్ట్ సర్క్యూట్ అవుతుంది, ఆర్క్ ఆరిపోతుంది, విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ప్రవాహం పుట్టించే అయస్కాంత బలం చుక్క మెడను నొక్కి తెంచుతుంది. మళ్లీ ఆర్క్ వెలుగుతుంది. సెకనుకు కొన్ని పదుల సార్ల నుంచి రెండు వందల సార్ల వరకు ఇది జరుగుతుంది. వెల్డింగ్ చేస్తుంటే వినిపించే చిటపట శబ్దం ఇదే.

చిక్కంతా మెడ తెగే ఘడియలో ఉంది. అప్పటికి విద్యుత్ ప్రవాహం గరిష్ఠ స్థాయిలో ఉంటుంది. దారేమో దారమంత సన్నబడి ఉంటుంది. ఎక్కువ లోడు పడితే ఫ్యూజు తీగ పేలినట్టు ఆ మెడ పేలుతుంది. కరిగిన లోహం తుంపరలుగా చుట్టూ ఎగిరిపడుతుంది. దీన్నే స్పాటర్ అంటారు. అది రేకు మీద గట్టిగా అంటుకుపోతుంది. గ్రైండర్‌తో గీకి తీయాలి. తీగ వృథా, సమయం వృథా, గ్రైండింగ్ దుమ్ము అదనం. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పడిన స్పాటర్ మచ్చ దగ్గర తుప్పు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది.

పాత యంత్రానికి ఎందుకు చేతకాలేదు?

మెడ తెగబోయే ముందు ప్రవాహాన్ని తగ్గిస్తే స్పాటర్ రాదని ఇంజనీర్లకు చాలాకాలంగా తెలుసు. కానీ పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు లయలోనే నడుస్తుంది. అందులో ఒక్కో అర్ధ ఆవృతి 10 మిల్లీసెకన్లు. మెడ సన్నబడి తెగడమో, ఒక మిల్లీసెకను కూడా పట్టని పని. నిదానంగా కదిలే చేతితో ఈగను పట్టుకోవాలని చూసినట్టు ఉంటుంది.

ఇన్వర్టర్ యంత్రాలు వచ్చాక ఈ పరిస్థితి మారింది. ఇవి వచ్చిన కరెంటును ముందు డీసీగా మారుస్తాయి. ఆ తరువాత ట్రాన్సిస్టర్ల సాయంతో సెకనుకు వేల, పదివేల సార్లు తెరుస్తూ మూస్తూ కావలసిన రూపంలో బయటికి పంపుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా చిన్నదవుతుంది, యంత్రం బరువు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, యంత్రంలోని ప్రాసెసర్ ఆర్క్ వోల్టేజిని నిరంతరం కొలుస్తూ, మైక్రోసెకన్లలో ప్రవాహాన్ని మార్చగలదు. అంటే చుక్క పుట్టుక నుంచి రాలడం వరకు ప్రతి దశనూ యంత్రం గమనిస్తూ నడిపించగలదు.

మూడు దారులు

ఈ వేగం చేతికొచ్చాక మూడు ప్రధాన పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

మొదటిది మెడను పసిగట్టడం. మెడ సన్నబడే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కాబట్టి వోల్టేజి కొద్దిగా లేస్తుంది. ఆ చిన్న మార్పును పట్టుకున్న యంత్రం, చుక్క తెగడానికి ముందే ప్రవాహాన్ని దించేస్తుంది. అప్పుడు చుక్కను కిందకు లాగేది కరిగిన లోహపు తలతన్యత. పేలుడు లేకుండా మెత్తగా జారుతుంది. అమెరికా కంపెనీ లింకన్ ఎలక్ట్రిక్ 1990లలో తెచ్చిన సర్ఫేస్ టెన్షన్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి ఇదే.

రెండోది తీగను వెనక్కి లాగడం. చుక్క కింద తాకగానే చిన్న మోటారు తీగను కాస్త వెనక్కి లాగుతుంది. ఆ కదలికే చుక్కను విడదీస్తుంది కాబట్టి పెద్ద ప్రవాహం అవసరం లేదు. ఆస్ట్రియా కంపెనీ ఫ్రోనియస్ తెచ్చిన కోల్డ్ మెటల్ ట్రాన్స్‌ఫర్ ఈ తరహాది. దాని తొలి యంత్రాల్లోనే తీగ సెకనుకు సుమారు 70 సార్లు ముందుకూ వెనక్కూ కదిలేది. పేరులో కోల్డ్ ఉన్నంత మాత్రాన చల్లగా ఉంటుందని కాదు, మామూలు మిగ్ కన్నా తక్కువ వేడి పడుతుందని అర్థం.

మూడోది పల్స్ పద్ధతి. ఇందులో షార్ట్ సర్క్యూటే జరగదు. ఆర్క్ ఆరకుండా ఉండటానికి సరిపడే తక్కువ ప్రవాహం ఒకటి నడుస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో ఎక్కువ ప్రవాహపు తోపు ఒకటి వస్తుంది. ఒక్కో తోపుకు ఒక్కో చుక్క తెగి గాలిలోంచి నేరుగా అతుకులో పడేలా యంత్రం లెక్క సరిచూస్తుంది. 1.2 మిల్లీమీటర్ల ఉక్కు తీగతో ఇలా చుక్కలు నిరంతరం రాలాలంటే మామూలుగా 250 ఆంపియర్ల దరిదాపుల్లో ప్రవాహం కావాలి. పల్స్ పద్ధతిలో సగటు అందులో సగమే ఉన్నా పని జరుగుతుంది.

వేడి లెక్క

అతుకు పొడవులో ఒక్కో మిల్లీమీటరుకు ఎంత శక్తి ఇస్తున్నామో సులువుగా లెక్కించవచ్చు. వోల్టులను ఆంపియర్లతో గుణించి, సెకనుకు టార్చ్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో దానితో భాగించాలి. ఉదాహరణకు 20 వోల్టులు, 150 ఆంపియర్లు, సెకనుకు 5 మిల్లీమీటర్లు అనుకుందాం. మిల్లీమీటరుకు 600 జౌళ్లు వస్తాయి. అదే వేగంతో 14 వోల్టులు, 90 ఆంపియర్లతో పని జరిగితే 252 జౌళ్లే. ఇందులో కొంత గాలిలో పోతుంది కాబట్టి లోహానికి చేరేది ఇంకొంచెం తక్కువ. పల్స్ పద్ధతిలో మాత్రం సగటు అంకెలు పెట్టి గుణిస్తే లెక్క తప్పుతుంది. క్షణక్షణం శక్తిని కొలిచి చూపే యంత్రపు అంకెనే నమ్మాలి.

ఒక్కో లోహానిది ఒక్కో స్వభావం

మామూలు ఉక్కు అన్నింటిలో సాధువు. దీని విషయంలో ఆర్క్ నియంత్రణ వల్ల ముఖ్యంగా స్పాటర్ తగ్గుతుంది, పలుచని రేకుకు చిల్లు పడకుండా ఉంటుంది. కానీ ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు, మందపాటి ఉక్కు తక్కువ వేడి పడి గబగబా చల్లారితే గట్టిపడి పెళుసుబారుతుంది. తేమ నుంచి వచ్చిన హైడ్రోజన్ తోడైతే, వెల్డింగ్ ముగిసిన గంటల తరువాత కూడా పగుళ్లు రావచ్చు. అలాంటి ఉక్కును వెల్డింగ్‌కు ముందే వేడి చేసుకోవాలి. తక్కువ వేడి ఎప్పుడూ మంచిదనే మాట ఇక్కడ చెల్లదు.

స్టెయిన్‌లెస్ స్టీలు తీరు వేరు. వంటగిన్నెల్లో వాడే రకం స్టెయిన్‌లెస్ మామూలు ఉక్కుతో పోలిస్తే దాదాపు మూడో వంతు వేడినే తనగుండా ప్రవహింపనిస్తుంది. వేడెక్కితే మామూలు ఉక్కుకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. వేడి ఒకేచోట పోగుపడటం, అక్కడే బాగా సాగడం రెండూ కలిసి రేకును వంకర తిప్పుతాయి. పైగా 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసిపోతుంది. తుప్పును అడ్డుకునేది క్రోమియమే కాబట్టి అతుకు పక్కన సన్నని గీతలా తుప్పు పట్టే చోటు తయారవుతుంది. కార్బన్ తక్కువున్న రకాలు వాడటం ఒక జాగ్రత్త, వేడి తగ్గించడం మరొకటి. ఆర్క్ నియంత్రణ బాగా అక్కరకొచ్చే లోహాల్లో ఇది ఒకటి. రైలు పెట్టెల గోడలకు వాడే స్టెయిన్‌లెస్ రకం వ్యాకోచం ఇంత ఎక్కువ కాదు. అయినా రేకు పలుచన కావడంతో అక్కడా వేడిని అదుపులో ఉంచక తప్పదు.

అల్యూమినియం వెల్డర్‌కు అసలైన పరీక్ష. ఈ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. కానీ దాని పైన ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలకు పైగా కావాలి. పైపొర కరగకముందే లోపలి లోహం నీరైపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం మామూలు ఉక్కుకన్నా నాలుగైదు రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. అందుకే మొదట్లో అతుకు పట్టదు, కాసేపటికి ముక్క అంతా వేడెక్కి ఒక్కసారిగా చిల్లు పడుతుంది.

టిగ్ పద్ధతిలో దీనికి ఏసీ కరెంటు వాడతారు. ప్రవాహం ఒక దిశలో ఉన్నప్పుడు ఆక్సైడ్ పొర చెదిరిపోతుంది. రెండో దిశలో ఉన్నప్పుడు వేడి లోహంలోకి దిగుతుంది. పాత యంత్రంలో రెండు దిశల సమయాన్నీ మనకు కావలసినట్టు మార్చుకునే వీలు తక్కువ. ఇన్వర్టర్ యంత్రంలో శుభ్రపరచడానికి 30 శాతం, కరిగించడానికి 70 శాతం అన్నట్టు వెల్డరే పంచుకోవచ్చు. దిశ మారే క్షణంలో ఆర్క్ ఆరిపోకుండా ప్రవాహం చటుక్కున మారుతుంది. మిగ్‌లో అయితే పల్స్ పద్ధతి అల్యూమినియానికి బాగా నప్పుతుంది.

తేమ మరో శత్రువు. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను విపరీతంగా పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని దాదాపుగా వదిలేయాల్సి రావడంతో లోపల బుడగలు మిగిలిపోతాయి. బెంగాల్ వానాకాలంలో, మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. తీగ చుట్టను విప్పి బయట వదిలేస్తే ఎంత ఖరీదైన యంత్రమూ ఆ బుడగలను ఆపలేదు.

ఇంకో సంగతి, వేడి చికిత్సతో బలం తెచ్చుకున్న అల్యూమినియం మిశ్రమాలు అతుకు పక్కన మూడో వంతు నుంచి సగం వరకు బలం కోల్పోవచ్చు. ఉక్కును వెల్డింగ్ చేసినట్టు అల్యూమినియాన్ని చేయలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. బోల్టులకు ఈ బెడద లేదు.

జింకు పూత ఉన్న రేకులు, రెండు వేర్వేరు లోహాల జోడింపు చివరివి. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఉక్కు కరగడానికి ఇంకా 600 డిగ్రీల వరకు కావాలి. ఆ ఆవిరి అతుకులో రంధ్రాలు చేస్తుంది, పీల్చినవారికి జ్వరం తెప్పిస్తుంది. రాగి, సిలికాన్ కలిసిన తీగ సుమారు 1,000 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, తక్కువ వేడి ఆర్క్‌తో ఉక్కును కరిగించకుండానే దాన్ని అతకవచ్చు. అల్యూమినియాన్ని ఉక్కుతో నేరుగా కరిగించి కలిపితే ఇనుము, అల్యూమినియం కలిసి గాజులా పెళుసైన పొర ఏర్పడుతుంది. వేడి తక్కువైతే ఆ పొర మైక్రోమీటర్ల మందానికే పరిమితమవుతుంది. అప్పుడు అతుకు నిలుస్తుంది.

అందంగా కనిపించే అబద్ధం

ఈ సాంకేతికతలో అన్నింటికన్నా పెద్ద ప్రమాదం కంటికి కనిపించనిది. తక్కువ వేడి పద్ధతిని మందపాటి పలక మీద వాడితే తీగ కరిగి చక్కగా పరుచుకుంటుంది. కానీ కింది లోహం కరగదు. స్పాటర్ లేదు, వరస నున్నగా ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. లోపల మాత్రం రెండూ కలవలేదు. గోడకు సున్నం అంటుకున్నట్టు ఉంటుంది తప్ప ఇటుకకు ఇటుక కలిసినట్టు ఉండదు.

రైలు పెట్టె కింద చక్రాలను మోసే చట్రంలో ఇలాంటి అతుకు ఉంటే ఏమవుతుంది? అది మొదటి రోజే విరగదు. పట్టాల కుదుపులకు ప్రతిసారీ వంగి, సాగి, కలవని చోటు నుంచి పగులు మెల్లగా పాకుతుంది. వెల్డింగ్ అతుకుల అలసటకు ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం, పడే ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఖరీదైన గట్టి ఉక్కు వాడినంత మాత్రాన ఈ ఆయుష్షు పెద్దగా పెరగదు. అతుకు అంచు ఎంత నున్నగా కలిసింది, లోపల ఎంత పూర్తిగా కరిగింది అన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ముఖ్యమైన అతుకులకు కంటిచూపు చాలదు. అల్ట్రాసోనిక్ పరీక్షతోనో, ఎక్స్‌రేతోనో లోపలిది చూడాలి. అదే మందం ముక్కల మీద ముందుగా నమూనా అతుకు వేసి, కోసి చూసి, ఆ తరువాతే అసలు పని మొదలుపెట్టాలి.

అదే ఊళ్లో మరో దారి

రైల్వే వర్క్‌షాప్ ఉన్న ఊళ్లోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. అక్కడి ప్రొఫెసర్ సూర్య కె. పాల్ బృందం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌తో కలిసి రూపొందించిన ఒక పద్ధతిని 2020లో ప్రకటించారు. అది ఆర్క్ లేని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌కు సంబంధించినది. ఇందులో తిరిగే పనిముట్టు ఒకటి రెండు పలకల మధ్య దూరి, రాపిడి వేడితో లోహాన్ని మెత్తబరిచి పిండి కలిపినట్టు కలుపుతుంది. లోహం కరగదు కాబట్టి హైడ్రోజన్ బుడగల బెడద చాలావరకు తప్పుతుంది. 1991లో బ్రిటన్‌లో పుట్టిన ఈ పద్ధతిని జపాన్‌లో అల్యూమినియం రైలు పెట్టెల తయారీకి వాడుతున్నారు. ఖరగ్‌పూర్ బృందం దీనికి రకరకాల సెన్సర్లు జోడించింది. అవి పంపే సంకేతాలను క్లౌడ్ ద్వారా విశ్లేషించి, పని నడుస్తుండగానే అతుకు నాణ్యతను అంచనా వేసి సరిదిద్దడం దాని ఉద్దేశం.

ఆర్క్ నియంత్రణలో ఉన్నదీ ఇదే సూత్రం. పని అయ్యాక తప్పు వెతకడం కన్నా, తప్పు పుట్టే క్షణాన్ని కొలిచి అక్కడే ఆపడం మేలు.

వెల్డర్‌కు దీనివల్ల ఏం మారుతుంది?

కొత్త యంత్రం వెల్డర్ చేతిలోని కొంత నేర్పును తాను తీసుకుంటుంది. చుక్క పడే లయను చెవితో పసిగట్టే పని ఇప్పుడు ప్రాసెసర్ చేస్తుంది. కానీ నూనె తుడవడం, ఆక్సైడ్ గీకడం, అల్యూమినియానికి వేరే స్టీలు బ్రష్ కేటాయించడం, ముక్కల మధ్య ఖాళీ సరిచూడటం, టార్చ్ కోణం, సరైన వాయువు ఎంపిక ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి. వీటికి తోడు ఏ లోహానికి, ఏ మందానికి ఏ పద్ధతి ఎంచుకోవాలో తెలియాలి. మీట తిప్పడం తేలిక, ఏది ఎందుకు తిప్పాలో తెలియడం చదువు. ఐటీఐల్లో, వర్క్‌షాప్ శిక్షణ కేంద్రాల్లో ఈ చదువు అందకపోతే లక్షల రూపాయల యంత్రం కూడా పాత యంత్రంలాగే ఒకే సెట్టింగులో నడుస్తూ ఉంటుంది.

ఆరోగ్యం మాట కూడా మరవకూడదు. వెల్డింగ్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో విషపూరిత రూపంలో క్రోమియం ఉండొచ్చు. చుక్క పేలకుండా జారే పద్ధతుల్లో పొగ సాధారణంగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పొగను లాగే గొట్టం, సరైన మాస్కు, గాలి ఆడే షెడ్డు యంత్రంతోపాటే కొనవలసినవి.

మీ ఊళ్లో గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేసే చిన్న షాపుకైనా ఇదే వర్తిస్తుంది. కొత్త యంత్రం కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను ఎక్కువగా అతికే లోహం ఏది? దాని మందం ఎంత? అమ్మేవారు అదే లోహం, అదే మందం ముక్కలను నా ఎదుట అతికి, రంపంతో మధ్యకు కోసి లోపలి భాగం చూపిస్తారా? మెరిసే వరసకన్నా ఆ కోసిన ముక్కే యంత్రం గురించి నిజం చెబుతుంది.